ఖాళీలను పూరింపుము

‘ఏం ఉద్యోగమమ్మా?’ అని పెళ్లిళ్లలో చుట్టాలు అడిగితే ‘కంప్యూటర్ ఉద్యోగం’ అని చెప్పి పక్కకి తప్పుకోవడం మా రంగంలో చాలామందికి అలవాటు. నిజానికి నా పని చెప్పడం అంత కష్టమేమీ కాదు. ఆఫీసుల్లో ఒక కాగితం ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకి ప్రయాణం చేస్తుంది కదా, ఆ ప్రయాణాన్ని కంప్యూటర్‌కి నేర్పించడమే నా పని. సెలవు చీటీ కావచ్చు, కొనుగోలు బిల్లు కావచ్చు. ఎవరు రాయాలి, ఎవరు చూడాలి, ఎంత మొత్తం దాటితే పైవాళ్ల దగ్గరికి వెళ్లాలి, వాళ్లు చూడకపోతే ఎన్నాళ్లు ఆగాలి... ఈ వరసంతా ముందే చెప్పి పెడితే మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. దీన్నే వర్క్‌ఫ్లో అంటారు.

ఇందులో ప్రోగ్రాములు రాసే బాధ పెద్దగా ఉండదు. సాఫ్ట్‌వేర్ తయారుగానే ఉంటుంది. తెర మీద డబ్బాలు, వాటి మధ్య బాణం గుర్తులు. ఒక్కో డబ్బాలో ఏం జరగాలో నింపుకుంటూ పోవడమే. అసలు చిక్కంతా ఒక్కచోటే ఉంది. ఏది రాసేయాలి, ఏది ఖాళీగా వదలాలి? ఆ ఖాళీ పేరే వేరియబుల్. తెలుగు మీడియంలో చదివినవాళ్లకి చలరాశి అంటే ఠక్కున గుర్తొస్తుంది. మారేది చలరాశి, మారనిది స్థిరరాశి.

ఇది మనకి కొత్త విద్యేం కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు రాసిన బీజగణితంలో తెలియని రాశిని ‘యావత్తావత్’ అన్నారు. ఎంతైతే అంత అని అర్థం. రెండో తెలియని రాశి వస్తే దానికి కాలకం, మూడోదానికి నీలకం అంటూ రంగుల పేర్లు పెట్టుకున్నారు. విలువ తెలియకపోయినా ఫర్వాలేదు, ముందు దానికో పేరు పెట్టి చోటిద్దాం అన్నమాట. ఆ చోటు ఇవ్వడంలోనే సగం లెక్క తేలిపోతుంది.

లెక్కలంటే భయపడేవాళ్లకి ఇంకో ఉదాహరణ చెబుతాను. ఇంట్లో వ్రతం చేసుకున్నప్పుడు పురోహితుడు చెప్పే సంకల్పం వినే ఉంటారు. నా దృష్టిలో అంతకంటే చక్కటి వర్క్‌ఫ్లో పాఠం ఇంకోటి లేదు. కల్పం, మన్వంతరం, కలియుగం... ఇవి మన జీవితకాలంలో మారేవి కావు. తర్వాత వచ్చే సంవత్సరం పేరు ఏటా ఉగాదికి మారుతుంది. అయనం ఏడాదికి రెండుసార్లు, రుతువు రెండు నెలలకోసారి, పక్షం పదిహేను రోజులకి, తిథి దాదాపు రోజూ మారతాయి. చివరికి గోత్రం, పేరు. ఇవి పీట మీద కూర్చున్నవాళ్లని బట్టి మారతాయి. చోటుకి కూడా ఖాళీ ఉంది చూడండి. శ్రీశైలానికి మనం ఏ దిక్కున ఉంటే ఆ దిక్కు పేరు చెబుతారు. అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లలో జంబూద్వీపం బదులు క్రౌంచద్వీపం అని చెప్పే పురోహితులూ ఉన్నారు.

పెద్ద వలయంలో అందరికీ ఒకటే, చిన్న వలయంలో మనిషికొకటి. మా భాషలో గ్లోబల్, లోకల్ అంటాం. ఇంకా విశేషమేమిటంటే, గోత్రం తెలియనివాళ్లొస్తే పూజ ఆగిపోదు. కాశ్యప గోత్రం అని చెప్పుకోమంటారు. నక్షత్రం తెలియకపోతే ‘శుభ నక్షత్రం’ అని కానిచ్చేస్తారు. మేం డిఫాల్ట్ విలువ అనేది సరిగ్గా ఇదే. ఖాళీ నింపే సమాచారం దొరక్కపోతే ఏం చేయాలో కూడా పెద్దలు ముందే ఆలోచించి పెట్టారు.

ఈ ఆలోచన లేకపోతే ఏమవుతుందో నేను విజయవాడ ఆటోనగర్‌లో చూశాను.

అదో లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. పేరు అనవసరం. ముగ్గురన్నదమ్ములు. పెద్దాయన ఒక్క పాత లారీతో మొదలుపెట్టి నలభై లారీల దాకా తెచ్చారు. అవి చాలక బయటివాళ్ల లారీలూ కిరాయికి పెట్టుకుంటారు. లోడు ఎత్తినప్పుడు సగం పైన అడ్వాన్సు ఇస్తారు. సరుకు ముట్టినట్టు అవతలి వాళ్ల సంతకం ఉన్న రసీదు తెచ్చిస్తే మిగతా కిరాయి ఇస్తారు. ఆ మిగతా డబ్బు మీదే బయటి లారీవాళ్ల బతుకు ఆధారపడి ఉంటుంది. డీజిలు, టోలు, టైర్ల అప్పు, ఫైనాన్సు వాయిదా... అన్నీ అందులోంచే.

కొన్నేళ్ల కిందట ఎవరో వచ్చి వాళ్లకి వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్ పెట్టి వెళ్లారు. గుమస్తా రసీదు ఎక్కిస్తాడు, తూకంలో తేడా ఉందేమో ఇంకొకరు చూస్తారు, మొత్తం 25 వేలు దాటితే పెద్దాయన ఫోనుకి వెళ్తుంది. ఆయన ‘సరే’ నొక్కితే బ్యాంకులో డబ్బు పడుతుంది. బ్రహ్మాండంగా నడిచింది. పెద్దాయనకి గుండె ఆపరేషన్ జరిగేదాకా.

ఆయన ఆస్పత్రిలో ఉన్న పదకొండు రోజులూ ఫోను కట్టేసి ఉంది. బిల్లులు మాత్రం నియమం ప్రకారం ఆయన దగ్గరికే వెళ్లి అక్కడే కూర్చున్నాయి. అలా 63 బిల్లులు పేరుకుపోయాయి. బ్యాంకులో డబ్బుంది. ఇవ్వడానికి చిన్న తమ్ముడు సిద్ధంగా ఉన్నాడు. కానీ కంప్యూటర్‌కి ఆయనెవరో తెలియదు. ఆమోదించేవారు అనే చోట పెద్దాయన పేరు, ఫోను నంబరు సిరాతో రాసినట్టు రాసేసి ఉన్నాయి. చేత్తో చెక్కు రాసిద్దామంటే అదీ పెద్దాయన సంతకమే.

నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక లారీ యజమాని, తనే డ్రైవరు కూడా, రెండు రోజులు ఆఫీసు అరుగు మీదే పడుకున్నాడట. అతనన్న మాట చిన్న తమ్ముడు నాకు చెప్పాడు. ‘మీ అన్నకి బాగలేదంటే నాకూ బాధగానే ఉంది సారూ. కానీ ఫైనాన్సోళ్లకి ఆ సంగతి తెల్వది కదా!’

ఆ తర్వాతే నన్ను పిలిచారు. తెరిచి చూస్తే పెద్దాయన పేరు పదిహేడు చోట్ల ఉంది. 25 వేలు అనే అంకె తొమ్మిది చోట్ల. ఆఫీసు చిరునామాలో ‘కృష్ణా జిల్లా’ అని ప్రతి ఉత్తరంలోనూ విడివిడిగా రాసి ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. ఆ ఉత్తరాలకి మాత్రం ఆ కబురు అందలేదు.

అది పెట్టినవాళ్లని తిట్టడం తేలికే. కానీ జిల్లా మారుతుందని, పెద్దాయన మంచాన పడతారని ఎవరనుకుంటారు? మన కళ్ల ముందు మారనిదల్లా ఎప్పటికీ మారదనుకోవడం మనిషి స్వభావం. ఓసారి వెనక్కి చూసుకోండి. 2015 మే నెలాఖరు దాకా సేవా పన్ను 12.36 శాతం. జూన్ 1న 14 అయింది. నవంబరు 15న 14.5. 2016 జూన్ 1న 15. 2017 జూలై 1న సేవా పన్నే పోయి జీఎస్టీ వచ్చింది, చాలా సేవలకి 18 శాతం. పాతికనెలల్లో నాలుగు మార్పులు! 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులూ మారాయి. 12, 28 శాతంలో ఉన్న వస్తువులు చాలావరకు వేరే శ్లాబుల్లోకి వెళ్లిపోయాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. బండ్ల నంబరు ప్లేటు మీద ఏపీ పోయి 2014లో టీఎస్, 2024లో టీజీ వచ్చాయి. శాతాన్ని ఒక్కచోట రాసుకుని మిగతా అన్నిచోట్లా ‘అక్కడ చూసుకో’ అని పెట్టుకున్నవాళ్లు ఒక్క అంకె దిద్ది ఇంటికెళ్లి భోంచేశారు. నలభై చోట్ల రాసుకున్నవాళ్లు నలభై చోట్లా దిద్దారు. ఒకటి మర్చిపోయినవాళ్లకి నోటీసు వచ్చింది.

అలాగని అన్నీ ఖాళీలుగా వదిలేస్తే సరిపోతుందా అంటే, అదీ కుదరదు. ఖాళీని ఏమీ లేకుండా వదిలేస్తే వచ్చే తంటాలు వేరే ఉన్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో జోసెఫ్ టార్టారో అనే కంప్యూటర్ భద్రతా నిపుణుడు సరదాకి తన కారు నంబరు ప్లేటు మీద ‘నల్’ అని పెట్టించుకున్నాడు. కంప్యూటర్ భాషలో నల్ అంటే ‘ఇక్కడేమీ లేదు’ అని. నంబరు నమోదు చేయని ట్రాఫిక్ చలాన్లన్నీ ‘ఏమీ లేదు’ కిందే చేరతాయి కదా! అవన్నీ వచ్చి ఆయన నెత్తిన పడ్డాయి. 12 వేల డాలర్లకు పైగా జరిమానాలు చూపించాయి. 2019లో ఆయనే ఒక సమావేశంలో ఈ కథ చెప్పేదాకా లోకానికి తెలియలేదు.

అంతెందుకు, మన ఫోన్లకి వచ్చే మెసేజుల సంగతే చూడండి. బ్యాంకులైనా దుకాణాలైనా తాము పంపే మెసేజు నమూనాని ముందే నమోదు చేసుకోవాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన పెట్టింది. అందులో మారే ముక్కలకి, అంటే పేరు, మొత్తం, ఓటీపీ లాంటివాటికి, గుర్తు పెట్టి ఖాళీలు చూపించాలి. నమూనాకీ పంపిన మెసేజుకీ పొంతన కుదరకపోతే మధ్యలోనే ఆపేస్తారు. 2021 మార్చి 8న ఈ తనిఖీ అమల్లోకి రాగానే దేశమంతటా ఓటీపీలు ఆగిపోయాయి. చివరికి ట్రాయ్ వారం రోజులు దాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. ఎక్కడ ఖాళీ ఉండాలో సరిగ్గా చెప్పకపోవడం వల్ల ఎంతమంది లావాదేవీలు మధ్యలో ఆగిపోయాయో!

పేర్ల సంగతి మరీ విచిత్రం. పరాయి దేశాల్లో తయారైన సాఫ్ట్‌వేర్‌లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లుంటాయి. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఉన్నది ఉన్నట్టు రాస్తే మెసేజులో ‘డియర్’ పక్కన ఇంటిపేరొచ్చి కూర్చుంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్లకి అమెరికా వీసా మీద ముందు పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని వస్తుంది. మొదటి పేరు తెలియదు అని దాని భావం. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరు ఉండగానే ‘తెలియదు’ అని అచ్చు పడుతుంది. తప్పు మనిషిది కాదు, గడిది. ఆటోనగర్ ఆఫీసులో నేను పూర్తి పేరుకి ఒకే గడి పెట్టి, పక్కన ‘ఏమని పిలవాలి?’ అని ఇంకోటి పెట్టాను. డ్రైవర్లు ఆ రెండో గడి నింపడానికి ఎంత ఉత్సాహపడ్డారో చెప్పలేను.

మిగతా మార్పులూ చేశాం. ఆమోదించేవారి చోట పేరు తీసేసి హోదా పెట్టాం. ఆ హోదాలో ఈరోజు ఎవరున్నారో ఒక పట్టికలో ఉంటుంది. ఒక రోజులో ఆయన చూడకపోతే బిల్లు రెండో వరసలో ఉన్నవారికి వెళ్తుంది. 25 వేల హద్దు కూడా ఒకే గడిలోకి వచ్చింది. ఒక్క బ్యాంకు ఖాతా నంబరు విషయంలో మాత్రం డిఫాల్ట్ వద్దే వద్దన్నాను. గోత్రం తెలియకపోతే కాశ్యపం చెప్పుకోవచ్చు గానీ, ఖాతా తెలియకపోతే ఎవరిదో ఒక ఖాతాలో వేసేయలేం కదా! అక్కడ పని ఆగాలి, మనిషిని అడగాలి. ఏ ఖాళీని సర్దుకుపోవచ్చు, ఏ ఖాళీ దగ్గర ఆగిపోవాలి అనేది యంత్రం చెప్పదు. మనమే చెప్పాలి.

అంతా సిద్ధమయ్యాక పెద్దాయనకి చూపించడానికి ఇంటికెళ్లాం. అప్పటికి ఆయన లేచి తిరుగుతున్నారు. ల్యాప్‌టాప్‌లో పాత పటం, కొత్త పటం పక్కపక్కన పెట్టాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

‘ఇక్కడ నా పేరుండేది కదమ్మా?’

‘ఉండేదండీ. ఇప్పుడు ఆమోదించేవారు అని పెట్టాం.’

‘అంటే నా పేరు తీసేశారు.’

చిన్న తమ్ముడు కంగారుపడ్డాడు. ‘అది కాదన్నయ్యా, నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు...’

‘ఉన్నప్పుడు సరే. పోయినప్పటికి కూడా ఇప్పుడే సర్దేశారన్నమాట.’

గదిలో ఎవరం మాట్లాడలేదు. ఆయన మాటలో అబద్ధం లేదు. ఒక మనిషి పేరు చెరిపి అక్కడ ఖాళీ పెట్టడమంటే, నువ్వు లేకపోయినా ఇది నడుస్తుంది అని మొహం మీద చెప్పడమే. మా వృత్తిలో ఈ మాట చాలా తేలిగ్గా అనేస్తాం. ఫలానా పని ఒక్క మనిషి మీద ఆధారపడకూడదు అంటాం. ముప్పై ఏళ్లపాటు ఆ ఒక్క మనిషిగా ఉన్నవారికి అది ఎలా వినిపిస్తుందో ఆ రోజే దగ్గరగా చూశాను.

ఆయనకి ధైర్యం చెప్పే మాటలేవీ నా దగ్గర లేవు. సాఫ్ట్‌వేర్‌లోనే ఇంకోచోట ఉన్న సంగతి చూపించాను. అది చిట్టా. నియమంలో ఖాళీ ఉంటుంది. కానీ ఒక బిల్లు ఆ దారిలో నడిచి పూర్తయ్యాక, ఆ ఖాళీలో ఆరోజు ఉన్న విలువ ఆ బిల్లుతోపాటే అతుక్కుపోతుంది. పన్ను ఆరోజు ఎంతుందో అంతే. రేపు శాతం మారినా పాత బిల్లు మారదు, మారకూడదు. అలాగే ఎవరు ఆమోదించారో వారి పేరు, తారీఖు, గంట, నిమిషం. ఆఫీసులో ఎవరూ వాటిని చెరపలేరు. ఆయన పేరుతో ఉన్న బిల్లులు వేలల్లో ఉన్నాయి. మొదటిది తెరిచి చూపించాను. లారీ నంబరు, సరుకు, కిరాయి, కింద ఆయన పేరు.

ఆయన దాన్ని చదివి, ‘ఈ డ్రైవరు ఇప్పుడు లేడమ్మా’ అన్నారు. అతని కొడుకు ఆయన దగ్గరే బండి తోలుతున్నాడట. అతని గురించి కాసేపు చెప్పారు. తర్వాత, ‘రెండో వరసలో ఎవరి పేరు రాశారు?’ అని అడిగారు.

‘ఖాళీగా ఉంచామండీ. మీరు రాయాలి.’

ఆరోజు రాయలేదు. మూడు రోజుల తర్వాత ఆఫీసుకొచ్చి, తనే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చిన్న తమ్ముడి పేరు కొట్టారు. ఆ పక్క గడిలో 25 వేలు చూసి, ‘ఇది నేను మార్చొచ్చా? నిన్ను పిలవక్కర్లేదా?’ అన్నారు. మార్చుకోవచ్చన్నాను. ‘ఇది పెట్టినప్పటి డీజిలు రేటెంత, ఇప్పుడెంత!’ అంటూ 50 వేలు చేశారు. ఆ ఒక్క అంకెతో చిన్న చిన్న కిరాయిలన్నీ ఆయన ఫోను దాకా రాకుండానే చెల్లిపోతాయి. డ్రైవర్లకి అదే రోజు డబ్బు అందుతుంది. ఆ పని చేసింది నేను కాదు, ఆయనే. ఖాళీ ఉన్నచోటే మనిషి నిర్ణయానికి చోటుంటుందని నేను నమ్మేది అందుకే. అన్నీ గట్టిగా రాసేసిన పాత పద్ధతిలో ఆయన పేరు పదిహేడు చోట్ల ఉన్నా, ఒక్క అంకె మార్చే అధికారం ఆయనకి ఉండేది కాదు.

నియమంలో ఖాళీ ఉండాలి, చిట్టాలో పేరు ఉండాలి. ఈ రెండూ తారుమారైతేనే ఇబ్బంది. నియమంలో పేరు రాసేస్తే ఆ మనిషి లేచి తిరిగినన్నాళ్లే పని నడుస్తుంది. చిట్టాలో పేరు లేకపోతే చేసినవారికి గౌరవం ఉండదు, తప్పు జరిగితే అడగడానికి మనిషీ దొరకడు.

ఇదంతా ఆఫీసుల గొడవ, మనకెందుకు అనుకోకండి. మన ఇళ్లలో గ్యాసు బుకింగు, కరెంటు బిల్లు, బ్యాంకు ఖాతా, పిల్లల స్కూలు, బీమా... ఎన్నింటికి ఒకే ఒక్క ఫోను నంబరు ఇచ్చి ఉంటాం! చాలా ఇళ్లలో అది నాన్నదే అవుతుంది. ఆ ఫోను పోయినా, ఆయన ఊళ్లో లేకపోయినా ఓటీపీ రాదు, ఇంట్లో పని కదలదు. ఓ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కూర్చుని ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. ఏ ఖాతాకి ఎవరి నంబరు ఉంది, ఎక్కడ నామినీ గడి ఖాళీగా ఉంది, ఎక్కడ ఎప్పుడో రాసిన పాత పేరు అలాగే ఉండిపోయింది. ‘నేనుండగా ఇప్పుడెందుకు ఇదంతా?’ అని ఎవరో ఒకరు అంటారు. అంటే నొచ్చుకోకండి, తొందరపెట్టకండి. కలం మాత్రం వారి చేతికే ఇవ్వండి.